గోడవారన పెట్టిన ఆకు

మొన్న క్రిస్మస్ పండగకి నాలుగు రోజుల ముందు, క్యాబ్‌లో ఆఫీసుకి పోతుంటే, ఫోను దానంతటదే ఒక పాత ఫోటో తీసి నా ముఖం ముందు పెట్టింది. ఏడేళ్ళ కిందటి డిసెంబరుదట. నేనడిగానా? దీనికి ఎప్పుడు ఏది చూపించాలో తెలీదు. ఫోటోలో బంగారుపాళ్యం పక్కన పల్లెలో మా అవ్వ ఇల్లు, నాపరాళ్ళు పరిచిన నడిమింట్లో వరసగా మోదుగాకు విస్తళ్ళు, వాటి వెనక మేం. అవ్వ, మామ, అత్త, అమ్మ, నాన్న, నేను. ఆరుగురం. గోడకి ఆనించి టైమరు పెట్టి తీసిన ఫోటో కాబట్టి ఒక్కరు కూడా బయట లేరు. విస్తళ్ళు మాత్రం ఏడు. నాకూ అవ్వకీ మధ్య ఉన్న ఆకు ముందు ఎవరూ కూర్చోలేదు. దాంట్లోనూ అందరి ఆకుల్లో ఉన్నట్టే పొంగలి, పితికిపప్పు కూర, ఒక వడ. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. అవ్వ ఒక్కతే ఆ ఆకు వైపు చూస్తోంది. ఆ ఆకు వరసలో ఉండటం అదే ఆఖరుసారి. దాన్ని వరసలోంచి తీయించింది నేనే. ఇది ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. క్యాబ్ సిగ్నల్ దగ్గర ఆగినంతసేపూ ఆ ఫోటో మూసేద్దామనే అనుకున్నాను, మూయలేకపోయాను.

నేను పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులో, ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. కానీ చిన్నతనం అనగానే నాకు ముక్కుకి తగిలే వాసనలన్నీ అవ్వ ఇంటివే. డిసెంబరు సెలవులకి బస్సు దిగేసరికి తెల్లవారుతూ ఉండేది. రోడ్డుకి అటూ ఇటూ మామిడితోపులు మంచులో తడిసి నల్లగా నిలబడి ఉండేవి. పల్లె దాకా నడిచి వెళ్ళే దారిలో ఎక్కడో ఒకచోట చెరకు గానుగ ఆడుతుండేది, పెద్ద పెనంలో బెల్లం ఉడికే వాసన చలిలో మన మీదకే నడిచి వచ్చేది. ధనుర్మాసం కాబట్టి పక్క ఊరి గుడి మైకు మోగుతుండేది. మా పల్లెలో అందరూ క్రైస్తవులే అయినా ఆడవాళ్ళు ఆ మైకు పెట్టగానే లేచి వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గేసేవాళ్ళు. అవ్వ మాత్రం చుక్కలన్నీ కలిపి చివరికి ఒక నక్షత్రం తేల్చేది. ఆకువక్క నములుతూ పొద్దంతా ఏదో పని చేస్తూనే ఉండేది, చర్చికి పోయే ముందు మాత్రం పుక్కిలించి, పళ్ళు నాకు చూపించి, "ఎర్రగా ఉండాదా పాపా?" అని అడిగేది. ఉందంటే మళ్ళీ పుక్కిలించేది. కళ్ళజోడు కాళ్ళకి ఎర్రదారం కట్టి మెడలో వేసుకునేది. ఆ కళ్ళజోడు ఎప్పుడూ ఆవిడ వీపు మీదే ఉండేది, ఆవిడేమో ఇల్లంతా వెతికేది.

పండగ పొద్దున కుండ పొంగించడం అనే పని ఒకటి ఉండేది. కొత్త కుండ, కొత్త బియ్యం, ఆ ఏడాది గానుగలో మొదట దిగిన బెల్లం. పెరట్లో మూడు రాళ్ళ మీద పెట్టి, పొద్దు పొడుస్తుండగా తూర్పుకి పొంగేలా కుండని కాస్త వంచి పెట్టేవాళ్ళు. బాప్తిస్మాలు తీసుకోక ముందు నుంచీ మా వాళ్ళకున్న అలవాటట అది. అప్పట్లో సూర్యుడికీ, చచ్చిపోయిన పెద్దలకీ పెట్టేవాళ్ళట. మతం మారినాక, మొదట వచ్చిన తెల్లదొర ఆ కుండని చూసి తల గోక్కుని, మీరు మానలేరు గనుక క్రిస్మస్ నాడు చేసుకోండి, కుండ మాత్రం సూర్యుడికి కాకుండా గుడికి ఎదురుగా పెట్టండి అన్నాడట. మా వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. ఆ గుడేమో పల్లెకి తూర్పున ఉంది. "కుండ తిప్పే పనే లేకుండా పాయె," అని అవ్వ నవ్వేది. దొర సంతోషపడ్డాడు, మా వాళ్ళూ సంతోషపడ్డారు, కుండ ఉన్నచోటే ఉంది.

కుండ దిగినాక ఆకులు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ఆకులు వరసలో. దూరాన ఉండి రాలేకపోయినవాళ్ళకి కూడా వరసలోనే ఆకు వేసి వడ్డించాలి, దాన్ని చివరికి ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు, ఆ మనిషి పేరు చెప్పుకుని తినాలి. చనిపోయినవాళ్ళ ఆకు మాత్రం వరసలో ఉండకూడదు. అది గోడవారన, విడిగా. దాన్ని ఎవరూ తినరు, తర్వాత పెరట్లో కాకులకి పెడతారు. నేను నాలుగో తరగతిలో ఉండగా తాత పోతే, ఆ ఏడు ఆయన ఆకు గోడవారకి పోయింది. గోడకి పోయిన ఆకు మళ్ళీ వరసలోకి రాకూడదు. ఇంట్లో చిన్నదాన్ని నేనే కాబట్టి, నా పక్కనున్న ఆ మనిషి లేని ఆకు ఎప్పుడూ నాదే.

"అవ్వా, ఇది ఎవరికి?" అని అడిగాను ఒకసారి, రెండు వడలు వస్తున్నాయన్న సంబరంలో.

"మా నాయనకి."

"ఆయన ఎక్కడ?"

"పటాలానికి పోయినాడు. వస్తాడు."

"ఎప్పుడు?"

"వచ్చినప్పుడు. నువ్వు తిను మే, యాకోబు తాత పేరు సెప్పుకోని తిను. సల్లారిపోతాది."

సైన్యాన్ని వాళ్ళు పటాలం అంటారు. నేను ఆయన్ని మీసాలతో, యూనిఫారంలో, మా నాన్న వయసులో ఊహించుకునేదాన్ని. అవ్వకే డెబ్బై దాటాయంటే వాళ్ళ నాన్నకి ఎంత ఉండాలో లెక్క వేయాలన్న ఆలోచనే రాలేదు. వడ బాగుండేది.

ఇంజినీరింగు రెండో ఏడు. నాకు కోపం ఎక్కువ, అప్పుడింకా ఎక్కువ. పండగ ముందురోజు మధ్యాహ్నం అవ్వ నడిమింట్లో కూర్చుని, నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. గింజని వేళ్ళ మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలి, పప్పు టక్కున గిన్నెలో పడుతుంది. నేను మంచం మీద పడుకుని క్లాసు వాట్సాప్ గ్రూపులో యుద్ధం చేస్తున్నాను. ఎవడో ఒక ఫార్వర్డ్ పెట్టాడు, క్రిస్మస్ దొంగ పండగ, రోమ్‌లో సూర్యుడి పండగని ఎత్తుకొచ్చి పేరు మార్చారు అని. కింద ఇరవై నవ్వుల బొమ్మలు. నాకు ఒళ్ళు మండిపోయింది. అది అబద్ధమని తేల్చి వాడి ముఖాన కొట్టాలని వెతకడం మొదలుపెట్టాను. రెండు గంటలు వెతికాను. అక్కడ సిగ్నల్ కిటికీ దగ్గర తప్ప రాదు. ఎంత చదివినా తేలలేదు. కొందరేమో అవును, డిసెంబరు ఇరవై ఐదు సూర్యుడి పండగే, చలికాలపు దీపాలూ పచ్చకొమ్మలూ అన్నీ అంతకు ముందునుంచీ ఉన్నవే అంటారు. ఇంకొందరు కాదు, మార్చిలో మరియమ్మ కడుపున పడ్డాడని నమ్మి, అక్కణ్ణుంచి తొమ్మిది నెలలు లెక్కేసి డిసెంబరుకి వచ్చారు అంటారు. ఏ రోజు పుట్టాడో బైబిల్లో లేదనీ, మొదటి రెండు మూడు వందల ఏళ్ళు ఈ పండగ జరిగిన ఆనవాళ్ళే సరిగ్గా దొరకవనీ మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. నాకు కావలసింది ఒక గట్టి 'కాదు'. దొరికింది ఒక నంగి 'ఏమో'.

"ఏందమ్మే, ఆ పలకని అట్ల పొడస్తా ఉండావు? అది నిన్నేం సేసింది?" అంది అవ్వ. ఫోనుని ఆవిడ పలక అనేది.

చెప్పాను. ఫార్వర్డ్ చదివి వినిపించాను, తర్వాత మిగతావి కూడా. అవ్వ చేతులు ఆపకుండా వింది.

"అయితే అవునా, కాదా?"

"తేలలేదు. ఇంకా కొట్టుకుంటున్నారు."

"ఇంగానా!" అని నవ్వింది. "ఈ మాట నీ పలక కంటే ముందే నేను ఇనుండా. సాలోమోను పంతులు సెప్పినాడు. నాకప్పుడు తొమ్మిదేండ్లు."

ఆ మధ్యాహ్నం గిన్నెలో పప్పు టక్కు టక్కుమని పడుతుండగా ఆవిడ చెప్పింది ఇదీ.

యుద్ధం నాటి మాట, నలభైల్లో. అవ్వ వాళ్ళ నాయన యాకోబు, చిత్తూరు మండీకి బెల్లం బండి తోలేవాడు. ఇంటికి వస్తే చొక్కా నిండా బెల్లం వాసన, జేబులో పిల్లకోసం అచ్చు అంచున విరిగిన ముక్క. వానలు లేక చెరకు ఎండి గానుగలు ఆగిపోయిన ఏడు, చిత్తూరులో పటాలానికి మనుషుల్ని తీసుకుంటున్నారంటే పోయి చేరాడు. కార్డులు వచ్చేవి, సగం అక్షరాల మీద నల్లసిరా పూసి. ఒక కార్డులో బర్మా అన్న మాట సిరా కింద నుంచి కనపడిందట. తర్వాత కార్డులు ఆగాయి. ఆ తర్వాత ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. పల్లెలో దాన్ని చదవగలిగింది సాలోమోను పంతులు ఒక్కడే. గుడిలో ప్రసంగాలు చెప్పే పాత ఉపదేశి కొడుకు ఆయన. అయిదేళ్ళ వయసులో మద్రాసు మిషన్ హాస్టలుకి పోయి, తండ్రి చనిపోయాక ఆ పని చేయడానికి ఇరవై నాలుగేళ్ళ వాడై తిరిగొచ్చాడు. కాగితం రెండుసార్లు చదివి, "కనబడుట లేదు అని వ్రాశారు" అన్నాడట. "అంటే ఉండాడా, లేడా?" అని అవ్వ వాళ్ళమ్మ అడిగింది. "అది వ్రాయలేదు," అన్నాడు.

అవ్వ వాళ్ళమ్మకి చర్చి సంఘం పుస్తకంలో పేరు మార్తమ్మ. పల్లెలో అందరికీ గంగులు. గంగమ్మ జాతర వారంలో పుట్టిందట. రెండు పేర్లకీ పలికేది. కాగితం వచ్చాక ఆవిడ ఏడవలేదు, గాజులు తీయలేదు. పనికి పోయింది, వచ్చింది. ఎవరైనా జాలిగా మాట్లాడబోతే, "కనపడలేదన్నారు, లేడనలేదు గదా," అనేది.

"ఆ పంతులు ఎట్లాంటాడు అవ్వా?" అని అడిగాను.

"నీ మాదిరే. ముక్కు మీద కోపం. మాట్లాడితే పుస్తకం సదివినట్టుంటాది. సేతిలో సిన్న పుస్తకం, కూడు తినేటప్పుడు గూడా ఇడవడు, ఎడమసేత్తో పేజీ తిప్పతా కుడిసేత్తో సంగటి తింటాడు. పులుసు దాని మీద పడతాది, తుడుస్తాడు, మళ్ళా సదవతాడు. నాకు ఆయనంటే పానం. నాకు అచ్చరాలు నేర్పింది ఆయనే గదా."

పండగ ముందు ఆదివారం ఆయన ప్రసంగానికి లేచాడు. "డిసెంబరు ఇరవై ఐదు అని గ్రంథంలో ఎక్కడ ఉంది, చూపండి. అది రోము దేశపు అన్యులు సూర్యునికి మ్రొక్కిన దినము. మీరు పొంగించే కుండ ఎవరికి? సూర్యునికి. మనిషి లేని ఆకు ఎవరికి? దయ్యములకు," అన్నాడు. వెనకనుంచి ఒక ముసలాయన లేచి, "మరి కుండని గుడికి ఎదురుగా పెట్టుకోమని దొరే సెప్పినాడు కదప్పా," అన్నాడు.

"దొరకు తెలియలేదు."

"మీ నాయనకి గూడా తెలీలేదా సామీ? ఆయన రెండు తూర్లు ఏయించుకోని తినేటోడే."

అందరూ నవ్వారు. పంతులు ముఖం ఎర్రబడింది. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మార్తమ్మ లేచింది. గుడిలో ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

"పంతులూ, ఒకటి అడగాల. పుట్టిన దినం తెలీదు కాబట్టి పండగ వద్దంటావు. సరే. నా మొగుడు సచ్చిన దినం నాకు తెలీదు. సచ్చినాడో లేదో గూడా తెలీదు. మరి నేనేం సెయ్యాల? ఏడవాలా, వండాలా?"

అవ్వకి బాగా గుర్తు, ఆయన చేతిలో పుస్తకం తెరిచాడట, మూశాడట. "ప్రార్థన చేయండి," అన్నాడు.

"సేస్తానే ఉండా. అదీ సేస్తా, కూడూ పెడతా."

జనం నవ్వినందుకే పంతులు సగం మండి ఉన్నాడు. "పండుగనాడు నేను ఇల్లిల్లూ తిరుగుతాను. ఎవరి ఇంట మనిషి లేని ఆకు వరుసలో కనబడినా, ఆ ఇంటివారి పేర్లు సంఘం పుస్తకంలోంచి కొట్టివేస్తాను," అన్నాడు.

ఆ నాలుగు రోజులూ తొమ్మిదేళ్ళ పిల్లకి నిద్ర లేదు. అమ్మ మాట వినదని తెలుసు. పంతులు మాట తప్పడనీ తెలుసు. ఆయనే చేయి పట్టి పలక మీద రాయించిన మొదటి పేరు యాకోబు. ఇప్పుడు ఆ పేరే కొట్టేస్తాడు. పేరు పోతే నాయన వచ్చినప్పుడు గుడిలో ఏమని పిలుస్తారు, ఆయన ఏ పేరుతో లోపలికి వస్తాడు అని ఆ పిల్ల భయం.

పండగ పొద్దున కుండ పొంగింది. ఒక్క గది ఇల్లు. మూడు ఆకులు వరసలో వేసి, మూడింట్లోనూ పొంగలి వడ్డించి, మార్తమ్మ చెంబుతో నీళ్ళు తేవడానికి పెరట్లోకి పోయింది. అప్పుడే పక్కింటి వాకిట్లో పంతులు చెప్పుల చప్పుడు. పల్లెలో చెప్పులేసుకుని తిరిగేది ఆయనొక్కడే. పిల్ల ఇంకేమీ ఆలోచించలేదు. నాయన ఆకుని రెండు చేతులతో, వేడి వేడి పొంగలితో సహా ఎత్తి, గోడవారన రోలు పక్కన దాచింది. దాచడానికి ఆ ఇంట్లో ఇంకో చోటు లేదు.

మార్తమ్మ చెంబుతో వచ్చింది. వరస చూసింది. గోడ చూసింది. చెంబు కింద పెట్టింది.

"ఎవురు పెట్టినారు ఆడ?"

"నేనేమ్మా. పంతులు వస్తా ఉండాడు. పేరు కొట్టేస్తాడని..."

కొట్టలేదు, తిట్టలేదు. అప్పుడే ఆ పిల్లకి తాను ఏం చేసిందో తెలిసింది. పరిగెత్తి ఆకు ఎత్తబోయింది. వాళ్ళమ్మ మణికట్టు పట్టుకుంది. "వద్దు. గోడకి పోయినాక రాకూడదు."

పంతులు గడప దగ్గర నిలబడి లోపలికి తొంగి చూశాడు. వరసలో రెండే ఆకులు. ఆయన ముఖం విప్పారిందట. "మంచిది మార్తమ్మా. సంతోషం," అన్నాడు. పిల్ల వైపు తిరిగి, "నువ్వే చెప్పావా అమ్మకి? మంచి బిడ్డవి," అని తల నిమిరాడు. గోడవారన ఉన్న ఆకు ఆయనకి కనపడలేదని కాదు. కనపడింది, దాని అర్థం తెలీదు. ఆ పల్లెలోనే పుట్టినవాడు, కానీ అయిదేళ్ళకే మద్రాసు పోయాడు. ఏ ఆకు ఎక్కడ ఉంటే ఏమవుతుందో ఆయన చేతిలోని పుస్తకంలో లేదు.

ఆయన పోయాక మార్తమ్మ ఆ ఆకు పెరట్లోకి తీసుకుపోయింది. పెట్టీ పెట్టగానే కాకి వచ్చింది. ఇంకా ఆలస్యంగా వచ్చినా బాగుండేది అంటుంది అవ్వ. కాకి తిన్నంతసేపూ వాళ్ళమ్మ అక్కడే నిలబడి, తర్వాత లోపలికొచ్చి, గాజులు ఒక్కొక్కటే తీసి రోట్లో వేసింది. పగలగొట్టలేదు. వేసిన చప్పుడు మాత్రం అవ్వకి ఇంకా వినపడుతుందట.

యుద్ధం అయిపోయింది. చాన్నాళ్ళకి, ఏర్పేడు దగ్గర ఒకాయన, లేడనుకున్నవాడు, బర్మాలో శత్రువుల ఖైదులోంచి బతికి వచ్చాడని తెలిసి మార్తమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని పోయింది. బస్సు కొంత, నడక కొంత. ఆయన అరుగు మీద ఎముకలగూడులా కూర్చుని ఉన్నాడు. యాకోబు అని, ఎర్రగా, పొడుగ్గా, బెల్లం బండి తోలేవాడు అని చెప్పింది. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఆడ సానామంది ఉన్నిరమ్మా," అన్నాడు. అంతే. తిరిగొచ్చే దారిలో మార్తమ్మ ఒకే ఒక్క మాట అంది: "ఈయన ఆకు ఎవురూ జరపలేదేమో." కూతుర్ని తప్పు పట్టి అన్నది కాదట. ఊరికే తనలో తాను అనుకున్నట్టు అందట. డెబ్బై ఏళ్ళుగా అవ్వ మోసింది ఆ మాటనే.

"మరి పంతులు?"

"ఆయనకేం. మరుసటేడు పెండ్లి సేసుకొన్నాడు. మన పక్క పిల్లే. కాపరానికి వచ్చినాక మొదటి పండగకి పెరట్లో కుండ పెట్టింది, తూరుపుకి. ఈయన గమ్మున కూసోని తిన్నాడు. రెండు తూర్లు." అవ్వ నవ్వింది. నవ్వి, "మా నాయన పేరు మాత్రం సంఘం పుస్తకంలో ఇప్పటికీ ఉండాది పాపా. దాన్ని కాపాడినా గదా," అంది.

"మరి నువ్వు వరసలోనే పెడుతున్నావు కదా. గోడకి పోయినాక రాకూడదన్నారు?"

"రాకూడదు. మా అమ్మ ఉన్నన్నాళ్ళు గోడకే. నా ఇల్లు నాకొచ్చినాక నేను తెచ్చినా. పంపింది నేనే, తెచ్చింది నేనే. ఎవురు అడిగేది?"

ఇప్పుడు ఇది రాస్తుంటే, ఆ చోట నేను లేచి ఆవిడ పక్కన కూర్చుని నాలుగు గింజలు పితికి ఉంటే చాలు కదా అనిపిస్తోంది. కానీ గ్రూపులో ఇంకో నలభై మెసేజులు వచ్చి ఉన్నాయి, బ్యాటరీ పన్నెండు శాతం, నా మీద నాకు, రోమ్ మీద, సాలోమోను పంతులు మీద, ఏదీ తేలని ప్రపంచం మీద కోపం. ఎదురుగా దొరికింది అవ్వ. "అంటే ఆయన చచ్చిపోయాడని నీకు తెలుసు. నూరేళ్ళు దాటాయి అవ్వా, ఎక్కణ్ణుంచి వస్తాడు? పండగేమో ఎవరిదో, ఆకేమో ఎవరికో. వీళ్ళు మనల్ని చూసి నవ్వుతున్నారంటే నవ్వరా మరి? గోడకి పెట్టెయ్, అయిపోతుంది," అన్నాను.

అవ్వ చేతిలో గింజ జారి, పప్పు ఎగిరి వచ్చి నా ఫోను మీద పడింది. ఆవిడ చెయ్యి చాపి, కొంగుతో ఆ స్క్రీను జాగ్రత్తగా తుడిచింది. "సరే పాపా," అంది.

మరుసటిరోజు మాత్రం వరసలోనే వేసింది. ఆ ఫోటో అప్పటిదే. చివర్లో నా వైపు జరిపితే, నాకొద్దు, స్వీటు మానేశాను అన్నాను. పుట్టినప్పటినుంచీ తిన్న ఆకు. అవ్వే తిన్నది, నెమ్మదిగా, వాళ్ళ నాయన పేరు చెప్పుకుని. తర్వాతి ఏడు మేం పోయేసరికి వడ్డన అయిపోయింది. వరసలో ఆరు ఆకులు, గోడవారన రెండు. ఒకటి తాతది. అవ్వ నన్ను పిలిచి, గోడవైపు చూపించి, "సరిగ్గా ఉండాదా పాపా?" అంది. ఎత్తిపొడుపు కాదు. ముగ్గు సరిగ్గా వచ్చిందా, పళ్ళు ఎర్రగా ఉన్నాయా అని అడిగినట్టే అడిగింది. నేను ఫోనులోంచి తల ఎత్తకుండా "ఆ" అన్నాను. ఆ పై ఏడు మోకాళ్ళ నొప్పులని కుండే పెట్టలేదు. ఇంకో పండగ చూడకుండానే పోయింది.

సాలోమోను పంతులుకీ నాకూ తేడా ఏంటని చాలాసార్లు ఆలోచించాను. ఆయన కనీసం చెప్పులేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. గోడ సంగతి ఆయనకి తెలీదు. నాకు తెలుసు. ఆయనకి జవాబు తెలీనప్పుడు పుస్తకం మూశాడు. నేను అదీ చేయలేదు. డిసెంబరు ఇరవై ఐదు ఎవరిదన్న గొడవ ఇప్పటికీ తేలలేదు, ఈ ఏడు కూడా అదే ఫార్వర్డు వచ్చింది, వేరే గ్రూపులో, అవే నవ్వుల బొమ్మలతో. నేనేమీ రాయలేదు. రోమ్‌లో ఎవరు ఎవరి రోజుని తీసుకున్నారో నాకు తెలీదు. మా ఇంట్లో ఎవరు ఎవరి ఆకుని తీశారో మాత్రం తెలుసు.

మొన్న పండగ మా హైదరాబాదు ఫ్లాటులోనే. కుండ లేదు, కుక్కర్లో పొంగలి. వంటింటి కిటికీ ఉత్తరానికి. పితికిపప్పు సూపర్ మార్కెట్లో ప్యాకెట్టుగా దొరికింది, వాసన లేదు. మాది గుండ్రటి గాజు డైనింగ్ టేబులు. అమ్మ మూడు ప్లేట్లు పెట్టింది. నేను స్టాండులోంచి నాలుగోది తీశాను. తీసి, అక్కడే నిలబడిపోయాను. అవ్వ పోయింది కాబట్టి గోడవారన పెట్టాలి. గోడకి ఇంకోసారి నా చేత్తో పంపలేను. వరసలో పెడదామంటే గుండ్రటి బల్లకి వరసే లేదు.

"ఏందే, ఆ ప్లేటు పట్టుకోని అట్ల నిలబడినావు? పెట్టు," అంది అమ్మ.

"ఎక్కడ?"

"యాడో ఒకచోట పెట్టు. ఎవురన్నా వస్తా ఉండారా?"

అమ్మ నా చేతిలోంచి ప్లేటు తీసుకుని, మళ్ళీ స్టాండులో పెట్టేసింది.